రిబ్బను కట్టిన హాలు

ఛీ, ఇదేంటండీ నాగేంద్ర మాస్టారూ, ఇలా రాసేరు! "తొంభై ఆరు తుఫానులో మన హైస్కూలు కొత్త హాలు నాలుగొందల మందికి నీడనిచ్చింది" అంటారా? స్కూలుకి యాభయ్యేళ్ళు నిండేయని పుస్తకం వేస్తున్నారు, వేసుకోండి, ఎవరు కాదన్నారు? కానీ ఈ ముక్క ఇలా ఉండకూడదండి.

ఇరవై ఎనిమిదేళ్ళు అటెండరుగా గంట కొట్టిన చెయ్యండి ఇది. నన్నడక్కుండా చరిత్ర ఎవర్నడిగి రాసేరు మీరు? పుస్తకంలో వేసిన ఫొటోల్ని అడిగేరా?

ఆ హాలు సంగతి నేను చెప్తాను, వినండి. అంబాజీపేట కొబ్బరి షావుకారు కట్టించేడు. ఫ్యాను రెక్క మీద ఆయన పేరే, బెంచీ మీద ఆయన పేరే. బోర్డు మీద కూడా పై మూల పెయింటుతో రాయించేడండి, పిల్లలు చెరిపినా పోకుండా!

ప్రారంభోత్సవం ఇంకో వారం ఉందనగా తుఫానొచ్చింది. గుమ్మానికి అప్పటికే ఎర్ర రిబ్బను కట్టేసి ఉంది. కత్తెర పళ్ళెం పట్టుకునేది నేనేనని నాకు కొత్త ఖాకీ బట్టలు కుట్టించేరు. నవ్వకండి.

సాయంత్రం నాలుగింటికే కొబ్బరిచెట్లు వంగిపోతున్నాయి. కాలవగట్టు పాకల్లో జనం చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చేసేరు. అందరికంటే ముందు జయమ్మ. మన గేటు దగ్గర జామకాయలకి ఉప్పూకారం పూసి అమ్మేదండి, మీరెరగరు లెండి. "దొరబాబన్నా, హాలు తియ్యవా?" అంది.

"ఇంకా రిబ్బను కత్తిరించలేదు కదే, ఎలా తీస్తాను? పాత పెంకుల షెడ్డులోకి పదండి" అన్నాను.

వెళ్ళేరండి. ప్రారంభం కాని హాల్లో అడుగెట్టకూడదని వాళ్ళకీ అనిపించింది కాబోలు, ఖర్మ!

గంటన్నరకి షెడ్డు కూలింది. జయమ్మ దూలం కింద ఉండిపోయింది. అప్పుడు తీసేనండి హాలు. మీ నాలుగొందల మందీ అప్పుడొచ్చినవాళ్ళే.

ఇంకో సంగతి వింటారా? అప్పుడు కూడా రిబ్బను తెంచలేదండి నేను. ముడి విప్పి, మడత పెట్టి, జేబులో పెట్టుకున్నాను. నెల తిరిగేక అదే రిబ్బను ఇస్త్రీ చేయించి మళ్ళీ కట్టేను. ఎవరో పెద్దాయనొచ్చి కత్తిరించేడు. పళ్ళెం నేనే పట్టుకున్నాను. చప్పట్లు కూడా కొట్టేరండి, థూ! ఆ ఫొటోయే కదా మీ పుస్తకం నాలుగో పేజీలో వేసింది?

హాలు తియ్యొద్దన్నది హెడ్మాస్టరు బుచ్చిరాజుగారేనని ఊరంతా అనుకుంది. ఆయన్ని తిట్టని నోరు లేదు. నెల్లాళ్ళలో బదిలీ చేసేసేరు. రిక్షా ఎక్కబోతూ నా వంక చూసేరండి. నా పేరు ఎక్కడా బయటపెట్టలేదు. నా ఉద్యోగం పోతుందని కాబోలు.

మీకు చెప్తున్నాను. పదేళ్ళయింది, ఇంట్లో మా ఆవిడకి కూడా చెప్పలేదు. తుఫానొచ్చిన ఆ మధ్యాహ్నం ఆయన తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, "గాలి పెరిగితే జనం వస్తారు దొరబాబూ, కొత్త హాలు తీసెయ్యి" అన్నారు.

ఆయ్, తీసెయ్యమనే అన్నారు. ఆ నేల మూడ్రోజులు నేనే తుడిచేనండి. బురద కాళ్ళు పడతాయని తియ్యలేదు. అంతే.

రాయండి మరి! ఏం, కలం ఆగిపోయిందా? రాయరు లెండి, నాకు తెలుసు. పోనీ ఆ నాలుగో పేజీ ఫొటో అయినా తీసెయ్యండి, మీకు దణ్ణం పెడతాను. అందులో నేను నవ్వుతున్నానండి.