బెంచీ చివర పిన్నిగారు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్ద డాక్టరమ్మగారికి, నా గురించి లేనిపోని గొప్పలన్నీ చెప్పిన కాంపౌండర్ అన్నయ్యకి, మొదటి వరుసలో కూర్చుని అప్పుడే ఆవలిస్తున్న మా ఆయనకి, మీ అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఉద్యోగమంతా నేను చేసింది ఒకటే పని. పిల్లలు ఇప్పుడే వద్దనుకున్న ఆడవాళ్లకి మాత్రలో, ఇంజెక్షనో, గర్భసంచిలో వేసే లూపో వివరంగా చెప్పి, వాళ్లు ఎంచుకున్నది ఇచ్చి పంపడం. ఎంత హుషారుగా వెళ్లేవాళ్లో! కొన్నాళ్లకి వాళ్లే వచ్చి, "తీసేయండి సిస్టర్, నాకు పడట్లేదు" అనేవాళ్లు. ఒకరికి నెలసరి ఎక్కువైంది, ఒకరికి అసలు ఆగిపోయింది, ఒకరి మొగుడికి ఇష్టం లేదు, ఇంకొకరి మాత్రలు అత్తగారు చెత్తబుట్టలో పడేసింది. ఇవన్నీ నాకు అర్థమయ్యేవే. అర్థంకానిది వేరే ఉంది, లూప్ గురించి. "అది పైకి పాకి... గుండెకి చుట్టుకుంటుందట" అని, ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్లు, అదే మాట, అదే గొంతుతో, మధ్యలో అదే చోట ఆగి చెప్పేవాళ్లు. అలా జరగదని బొమ్మ గీసి చూపించినా వినేవాళ్లు కాదు. ఎవరు చెప్పారమ్మా అంటే, "బయట బెంచీ మీద పిన్నిగారు."

నవ్వకండి. తలుపు సందులోంచి ఆవిడని నేను చూశాను. బెంచీ చివర, గోడవైపు, బూడిదరంగు శాలువాతో. నేను చేరిన కొత్తలో ఎంత వయసో ఇప్పుడూ అంతే. ఏ డాక్టరుకీ చూపించుకోదు. వాచ్‌మన్‌ని అడిగితే, అలాంటి మనిషిని లోపలికి పంపనే లేదని ఒట్టేస్తాడు. నేను బయటికి వెళ్లేసరికి బెంచీ ఖాళీ. చెక్క మాత్రం వెచ్చగా ఉండేది.

ఒళ్లుమండి ఒకసారి ఒకమ్మాయిని నిలదీశాను. "మా మాట కాదని ఆవిడ మాట ఎలా నమ్మావు?" ఆ పిల్ల మెల్లిగా అంది: "లోపల మీరంతా సర్దుకుంటుందిలే అన్నారు సిస్టర్. ఆవిడ ఒక్కతే, ఎక్కడ నొప్పి అని అడిగింది."

(నీళ్లు తాగి) చాలన్నయ్యా.

ఇందాక నాకు పూలిచ్చినవాళ్లలో ఒక తల్లి ఉంది. ఎవరో చెప్పను, చెప్పకూడదు. ఇంకో కాన్పు వస్తే ప్రాణానికే ముప్పని తెలిసి, తనంతట తానే లూప్ వేయించుకుంది. రేపు తీయించుకుంటానని నా చెవిలో చెప్పింది. తీయించుకోవడం తన ఇష్టం. అడిగితే తీయాల్సిందే, ఇంకో దారి చూపించాల్సిందే. కానీ చెబుతున్నప్పుడు ఆ గొంతు తనది కాదు. "అది పైకి పాకి..." అని సరిగ్గా అదే చోట ఆగింది. నాకు భయమేసింది.

రేపటి నుంచి ఆ గదిలో నాకు కుర్చీ లేదు. నా స్థానంలో వస్తున్న చిన్న సిస్టరూ, సర్దుకుంటుంది అన్న మాట నోట రానివ్వకమ్మా. ఎక్కడ నొప్పి అని నువ్వే ముందు అడుగు, వాళ్లు చెప్పడం అయ్యేదాకా కూర్చో.

డాక్టరమ్మగారు గడియారం చూస్తున్నారు. (నవ్వులు) మీరంతా ప్రేమగా కప్పిన ఈ శాలువాకి కృతజ్ఞతలు. రంగు ఎవరు ఎంచుకున్నారో గానీ, ఇదీ బూడిదరంగే.

వెనక్కి తిరిగి వెతక్కండి. ఆవిడ వచ్చింది. ఏ వరుసలోనో చెప్పను, ఆ తల్లిని ఆనుకునే కూర్చుంది. నేనీ మాట అంటుంటే నావైపు చూసి, కొంచెం పక్కకి జరిగింది. ఇద్దరి మధ్యా ఇప్పుడు ఒక మనిషి పట్టేంత చోటుంది.

రేపు తలుపులు తీయకముందే ఆ బెంచీ మీద, వాళ్లిద్దరి మధ్య ఆ చోట్లోనే కూర్చుని, ఎక్కడ నొప్పి అని ఆ తల్లిని నేనే ముందు అడుగుతాను. సెలవు.