అరవై ఐదు లోపు

బాచుపల్లి బడి నుంచి కొండాపూర్‌లోని ఇంటికి బయలుదేరిన నరేందర్ కారు నిజాంపేట రోడ్డు మీద ఎప్పటిలాగే ఇరుక్కుపోయింది. పక్క సీట్లో ఎనిమిదో తరగతి కూతురు హర్షిణి, ఆమె ఒళ్లో లెక్కల కాగితాలు. బయట హారన్లు చెవులు తినేస్తున్నాయి. లోపల తండ్రి ఓపిక అప్పటికే సగానికి వచ్చింది.

"మల్లొకసారి చదువు. జర మెల్లగ."

"చదివిన కదా డాడీ."

"చదివితే గిట్లెందుకు రాస్తవ్? చదువు."

"లిఫ్టులో మొత్తం బరువు ఐదు వందల కిలోలకు మించకూడదు. లిఫ్టు నడిపే మనిషి అరవై కిలోలు. ఒక్కో పెట్టె ఇరవై కిలోలు. ఎన్ని పెట్టెలు ఎక్కించవచ్చు?"

"ఆఁ. ఎక్స్ పెట్టెలు అనుకో. అరవై ప్లస్ ఇరవై ఎక్స్. తర్వాత?"

"ఐదు వందలు."

"నడుమ గుర్తేంది?"

"గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు."

"హర్షిణీ!"

"ఏంది డాడీ?"

"మించకూడదు అంటే ఏంది? నువ్వు పెట్టిన గుర్తేంది? ఇరవై రెండు పెట్టెలు, ఆపైన ఎన్నైనా ఎక్కించుండ్రి అంటున్నవ్. లిఫ్ట్ తెగి కింద పడ్తది. పాపం ఆ నడిపేటాయనకు పెండ్లాం పిల్లలు ఉండరా?"

"మన అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌ల ఆరుగురే అని రాసి ఉంటది. పండుగప్పుడు తొమ్మిది మంది ఎక్కుతరు. పడ్డదా?"

"నోరు మాత్రం మస్తు నడుస్తది. రాయి. లెస్ దాన్ ఆర్ ఈక్వల్ టు... ఓ బైకన్నా! ఇండికేటర్ లేకుంట గట్లెట్ల దూరుతవ్? ...రాసినవా?"

"రాసిన. ఒకటి అడగాలె డాడీ."

"అడుగు."

"గుర్తొక్కటే తప్పయి మిగిలిందంతా కరెక్ట్ ఉంటే ఎన్ని మార్కులు పోతయ్?"

"సగం పోతయేమో. మీ మేడం ఎట్ల వేస్తదో నాకేం ఎరుక?"

"స్టెప్పులకు వేస్తరా, పూర్తిగ కొట్టేస్తరా?"

"భయపడుతున్నవా? ఫికర్ చెయ్యకు బిడ్డా. నేను చెప్తున్న కదా. తప్పెందుకు అయితది?"

"భయం కాదు. ఊకెనే తెలుసుకుందామని."

"ఇంకోటి చదువు."

"ట్యాంకులో తొమ్మిది వందల లీటర్ల నీళ్లున్నాయి. కుళాయి తిప్పితే నిమిషానికి పదిహేను లీటర్లు పోతాయి. ట్యాంకులో కనీసం మూడు వందల లీటర్లు మిగలాలి. కుళాయి ఎన్ని నిమిషాలు తెరిచి ఉంచవచ్చు?"

"గిది మన ఇంట్ల రోజూ ఉండేదే కదా. చెయ్యి."

"తొమ్మిది వందలు మైనస్ పదిహేను ఎక్స్, గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు మూడు వందలు."

"శెభాష్. కనీసం అన్నడు కాబట్టి గ్రేటర్ దాన్. వచ్చింది కదా! ఇగ ముందుకు పో."

"మైనస్ పదిహేను ఎక్స్, గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు మైనస్ ఆరు వందలు. రెండు దిక్కులా మైనస్ పదిహేనుతోటి భాగిస్తే... ఎక్స్ గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు నలభై."

"అరే! మైనస్‌తో భాగిస్తే గుర్తు తిరగబడాలె అని పొద్దున పదిసార్లు చెప్పిన. చెప్పిన్నా లేదా?"

"చెప్పినవ్."

"మరి? నలభై నిమిషాలు, ఆపైన ఎంతసేపైనా కుళాయి ఇప్పి పెడితే మూడు వందలు మిగుల్తయా? ట్యాంకు ఎండిపోతది. ఇంటిల్లిపాదీ బకెట్లు పట్టుకొని నిలబడాలె."

"లెస్ దాన్ పెడ్త తీయి."

"పెడ్త తీయి ఏంది? నీకు అర్థమై పెడుతున్నవా, నేను అరిస్తే పెడుతున్నవా?"

"ఫోన్ మోగుతుంది డాడీ."

"ఉండు... హలో, తిరుపతన్నా! డ్రైవింగ్‌ల ఉన్న... లేదన్నా, రేపు క్యాంటీన్‌కు రాను. సీట్లనే కూసొని తినేస్త... ఏం జేస్తం, మీ టీమ్ ఏడో అంతస్తు, నేను రెండో అంతస్తు... సరే సరే, ఇంటికి పోయినంక చేస్త."

"ఇప్పుడు తిరుపతి అంకుల్‌తో తింటలేవా?"

"టీమ్ మారింది కదా. టైం కలుస్తలేదు."

"మరి ఎవ్వరితో తింటున్నవ్?"

"ఎవ్వరితో ఏంది, తినుడు అయితది, పని అయితది. నువ్వు మాట మార్చకు. రేపటి పరీక్ష అంటే నీకు ఆటలెక్కుంది. మీ బళ్లె నాలుగు పరీక్షలకొకసారి సెక్షన్లు మారుస్తరని తెలుసా లేదా?"

"తెలుసు."

"ఎట్ల మారుస్తరు? చెప్పు."

"నాలుగు పరీక్షల సగటు ఎనభై, ఆపైన ఉంటే మొదటి సెక్షన్. డెబ్బై నుంచి ఎనభై లోపు రెండోది. డెబ్బైకి తగ్గితే మూడోది."

"ఇప్పటిదాక మూడు అయినయ్. మంచిగనే వచ్చినయ్. రేపటిది నాలుగోది. దాంట్ల గిట్లనే గుర్తులు తారుమారు చేస్తే రెండో సెక్షన్‌ల పడ్తవ్. ఇగ అక్కడ ఎవ్వలు పట్టించుకుంటరు? మంచి సార్లందరూ మొదటి సెక్షన్‌కే వస్తరు."

"పోయినసారి రసజ్ఞ పడ్డది కదా."

"గందుకే చెప్తున్న. సూసినవ్ కదా దాని గతి. ఒక్క తీరుగ నీతోని ముచ్చట్లు పెడితే గంతే."

"ముచ్చట్లతోని కాదు డాడీ, దానికి డెంగ్యూ వచ్చింది. ఒక పరీక్ష రాయలేదు. సున్నా వేసిన్రు."

"ఏదైతేంది, పడ్డదా లేదా?"

"వాళ్ల రెండో సెక్షన్ ఎనక బిల్డింగ్‌ల. వాళ్ల లంచ్ మాది అయిపోయినంక ఉంటది."

"మంచిదే కదా. నువ్వు జల్ది తిని చదువుకోవచ్చు."

"జల్దే అయిపోతుంది తినుడు. ఎల్‌కేజీ నుంచి ఎప్పుడూ గింత జల్ది తినలేదు."

"సూసినవా మరి!"





"బండి కదిలింది, ముందుకు పోనియ్యి."

"కదిలి ఏం లాభం, మల్ల ఆగింది. థూ, ఏం ట్రాఫిక్ రా బాబూ. ఇంకో అర్ధ గంటల నాకు మీటింగ్ ఉన్నది. ఇల్లింకా ఎనిమిది కిలోమీటర్లు."

"అయితే గంటకు కనీసం పదహారు కిలోమీటర్ల స్పీడ్ ఉండాలె. ఎక్స్ గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు పదహారు. మనం ఇప్పుడు సున్నా మీద ఉన్నం."

"ఆగు. మల్ల చెప్పు."

"ఏంది?"

"గిప్పుడు నువ్వు నోటితోని చెప్పింది కరెక్ట్. గుర్తు కూడా కరెక్ట్. కాగితం మీదికి రాంగనే ఏమైతుంది నీకు?"

"ఏమో."

"ఏమో ఏంది? నా దిమాక్ ఖరాబ్ చేస్తున్నవ్ నువ్వు. రానోళ్లకైతే చెప్పొచ్చు. వచ్చి కూడా తప్పు రాసేటోళ్లకు ఏం చెప్పాలె?"

"అరవకు డాడీ, పక్క కారు ఆంటీ సూస్తుంది."

"సూడనియ్యి. రేపు గుర్తులు తప్పు పెట్టవు కదా? నా మీద ఒట్టేసి చెప్పు."

"ఎన్నిటికి?"

"ఎన్నిటికి ఏంది? ఒక్కదానికి కూడా పెట్టొద్దు!"

"ఒట్లు మంచివి కాదని నువ్వే చెప్పినవ్ కదా."

"నీతోని నాతోని కాదు. ఇంకెన్ని ఉన్నయ్ చేసేటివి?"

"ఒక్కటే. సొంతంగ తయారు చేసుడు. మన జీవితంల నుంచి ఒక లెక్క తీసుకొని, ఇన్‌ఈక్వాలిటీ రాసి, సాధించాలె."

"అది చెయ్యి మరి."

"మధ్యాహ్నం లంచ్‌లనే అయిపోయింది. టైం ఉండే కదా."

"ఇటియ్యి, సూస్త."

"వద్దు డాడీ. సిగ్నల్ పడ్తది."

"ఇప్పుడే ఎర్రది పడ్డది. ఇయ్యి. ...డెబ్బై లెస్ దాన్ ఆర్ ఈక్వల్ టు, రెండు వందల యాభై ఐదు ప్లస్ ఎక్స్ బై నాలుగు, లెస్ దాన్ ఎనభై. గీ ఎక్స్ ఏంది?"

"రేపటి మార్కులు."

"ఓహో! మూడు పరీక్షలవి కలిపితే రెండు వందల యాభై ఐదు, రేపటివి ఎక్స్, నాలుగుతో భాగిస్తే సగటు. అరే, మంచిగ ఆలోచించినవ్ బిడ్డా! నా బిడ్డ దిమాకే దిమాకు. ...కానీ మల్ల అదే తప్పు!"

"ఏ తప్పు?"

"ఎనభై దగ్గర లెస్ దాన్ ఏంది? సగటు ఎనభై, ఆపైన రావాలె. గ్రేటర్ దాన్ ఆర్ ఈక్వల్ టు పెట్టాలె. అప్పుడు ఎక్స్ అరవై ఐదు, ఆపైన అని వస్తది. నువ్వేమో ఇరవై ఐదు నుంచి అరవై ఐదు లోపు అని రాసినవ్. రెండు దిక్కుల రెండు గుర్తులు దేనికి?"

"ఇరవై ఐదుకు తగ్గితే మూడో సెక్షన్‌ల పడ్త."

"మూడో సెక్షన్ ముచ్చట ఇప్పుడెందుకు? నీకు రావాల్సింది అరవై ఐదు పైన!"

"పచ్చది పడ్డది డాడీ. ఎనక హారన్ కొడుతున్నరు."

"కొట్టనియ్యి! బడి కాడ బండి ఎక్కినప్పటి నుంచి మొత్తుకుంటున్న. ఒక్క గుర్తు, ఒక్కటంటే ఒక్క గుర్తు సక్కగ పెట్టరాదు నీకు. రబ్బరియ్యి, నేనే మారుస్త."

"చెరపకు డాడీ."

"ఎందుకు చెరపొద్దు? తప్పు రాసి తీస్కపోయి మేడంకు ఇస్తవా?"

"అది తప్పు కాదు. లిఫ్ట్ తప్పు, ట్యాంకు తప్పు. ఇది కరెక్ట్."

"కరెక్టా? ఎట్ల కరెక్ట్?"

"రెండో సెక్షన్‌ల రసజ్ఞ తన పక్క సీటు నాకోసం ఆపి పెట్టింది డాడీ."