అరవయ్యో రోజుకు మర్నాడు

మా సిబ్బంది సంక్షేమ విభాగాధికారిణి 1988వ సంవత్సరం జూన్ నెల ఆరవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు ఈ పంపుల కర్మాగారంలో గుమాస్తాగా ప్రవేశించారు. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆమె ఎదుట తేదీ తప్పు రాసి తప్పించుకున్నవారు ఈ కార్యాలయంలో లేరు. నేనూ తప్పించుకోలేదు.

వారి తండ్రిగారు దర్జీ. ఆయన దుకాణంలో జత తప్పిన బొత్తాలను ఒక పిప్పరమెంటు డబ్బాలో వేసుకుని, చేరిన వారంలోనే ఆమె తమ బల్ల మీదికి తెచ్చుకున్నారు. కొత్త ఉద్యోగులకు వైద్య సదుపాయం ఏ రోజు నుంచి వర్తిస్తుందో తేల్చడం ఆమెకు అప్పగించిన మొదటి బాధ్యత. నియమం ఒక్క వాక్యమే: చేరిన రోజుతో సహా అరవై రోజులు పూర్తయ్యాక వచ్చే మొదటి ఒకటో తేదీ నుంచి ఉద్యోగికీ, కుటుంబానికీ ఆసుపత్రిలో కార్డు చెల్లుతుంది. ఆమె క్యాలెండరు కాగితాలు పరిచి గడికొక బొత్తాం పెట్టుకుంటూ పోయేవారు. డబ్బా ఖాళీ అయితే అరవై రోజులు నిండినట్టు. "ఇంట్లో లెక్కల మాస్టార్ని పెట్టుకుని బొత్తాల్ని నమ్ముకుందండీ ఈవిడ" అని వారి భర్తగారు ఒకసారి మా అందరి ముందూ వాపోయారు. అప్పటినుంచి ఆమె మాకు బొత్తాల మేడం.

1996లో సీనియర్ గుమాస్తాగా, 2004లో విభాగాధికారిణిగా పదోన్నతులు పొందినా, ఆమెకు 'ఎందుకు' అని అడిగే అలవాటు మాత్రం తగ్గలేదు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన చేరిన ఉద్యోగికి ఏడాది నిండేది ఇరవై ఎనిమిదినా, మార్చి ఒకటినా అన్న విషయమై ప్రధాన కార్యాలయంతో ఆరు నెలలు ఉత్తరాలు నడిపారు. వారు విసిగిపోయి రెండూ సరేనన్నారు. రెండూ ఎలా సరి అవుతాయని ఆమె ఏడో నెలలో మళ్లీ రాశారు.

2003లో మా విభాగానికి కంప్యూటరు వచ్చింది, దానితోపాటు నేనూ వచ్చాను. కార్డు మొదలయ్యే తేదీని వెలికితీసే క్వెరీ, అంటే కంప్యూటరును అడిగే ప్రశ్న, రాసింది నేనే. బొత్తాల కాలం చెల్లిందని నలుగురిలో అన్నదీ నేనే. మేడం నవ్వి, డబ్బాను సొరుగులో పెట్టుకున్నారు.

2007 మార్చి ఆఖరి వారంలో లేత్ మీద పనిచేసే కార్మికుడొకరు మేడం బల్ల ముందు నిలబడ్డారు. జనవరి ముప్పై ఒకటిన చేరిన మనిషి. ఆరేళ్ల కూతురికి ఎడమ కంట్లో పొర వచ్చింది. ఏప్రిల్ తొమ్మిదిన ఆపరేషన్ పెట్టారు. కంప్యూటరు మాత్రం కార్డు మే ఒకటి నుంచి అంటోంది.

"నెల ఆగితే ఆ కంటికి చూపు సంగతి చెప్పలేనన్నారు, మేడం, డాక్టరుగారు. నేను ఆగమంటే ఆగుతుందా అది?"

మేడం సొరుగు లాగారు. పావుగంటలో క్యాలెండరు కాగితాలు పట్టుకుని నా గదికి వచ్చారు.

"బాబూ, చిన్న అనుమానం. నా బొత్తాలు మార్చి ముప్పై ఒకటితో అయిపోయాయి. నీ కంప్యూటరు మే దాకా ఎందుకు వెళ్లింది?"

"కంప్యూటరు పొరపాటు పడదు మేడం. నాలుగేళ్లుగా నడుస్తోంది."

"అది పడదులే. దాన్ని నువ్వేం అడిగావో చెప్పు."

"చేరిన తేదీకి అరవై కలపమన్నాను. ఏప్రిల్ ఒకటి వచ్చింది. ఆ తర్వాతి నెల ఒకటో తేదీ చూపించమన్నాను."

"ఏప్రిల్ ఒకటో తేదీ వచ్చాక, ఇంకా ఎక్కడికి పంపావు దాన్ని?"

అప్పుడు తట్టింది నాకు. అరవై కలిపితే వచ్చేది అరవయ్యో రోజు కాదు, దాని మర్నాడు. ఆ మర్నాడు ఒకటో తేదీ అయినప్పుడు మాత్రమే నా ప్రశ్న ఒక నెల దూకేస్తుంది. మిగతా రోజుల్లో చేరినవారందరికీ జవాబు సరిగ్గానే వస్తుంది కనుక ఎవరి కంటా పడలేదు. అరవై తీసి యాభై తొమ్మిది పెట్టడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆపరేషన్ అనుకున్న రోజునే జరిగింది.

మేడం అంతటితో వదలలేదు. "ఇంకెందరికి ఇలా అయిందో?" అన్నారు. తొమ్మిది మంది తేలారు. ప్రతి ఒక్కరి దగ్గరికీ తామే వెళ్లి చెప్పారు. ఒకాయన ఆ నెల పొడుగునా పంటినొప్పి ఓర్చుకున్నారట. ఆయన ఎదురైతే నేనిప్పటికీ తల దించుకుంటాను. పై అధికారులకు పంపిన నివేదికలో మేడం నా ప్రస్తావన తేలేదు, 'మా విభాగం గమనించలేదు' అని రాసి సంతకం పెట్టారు. ఆ ఉపకారాన్ని పంతొమ్మిదేళ్లుగా మనసులోనే ఉంచుకున్నాను, ఇవాళ అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

పదవీ విరమణకు బల్ల సర్దుకుంటూ పోయిన వారం ఆమె నాకు బొత్తాల డబ్బా అప్పగించారు. లెక్కపెడితే యాభై తొమ్మిదే ఉన్నాయి.

"ఒకటి ఎక్కడో పోయింది మేడం."

"ఏదీ పోలేదు. చేరిన రోజు మీద నా వేలుంటుంది. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే బొత్తాం ఎందుకు?"

నేను నాలుగేళ్లు తప్పు చేసి తెలుసుకున్న అంకె, మొదటి నుంచీ ఆ డబ్బాలోనే ఉంది. నేనెన్నడూ మూత తీసి చూడలేదు.

మా కర్మాగార పత్రిక ఈ వీడ్కోలు సంచిక అచ్చవుతున్న ముద్రణాలయంలో తప్పులు దిద్దే అమ్మాయి ఆ లేత్ కార్మికుడి కూతురే. నా వ్యాసం మొదటి వాక్యంలో ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపింది. జూన్ ఏడు, సోమవారం అని రాశానట. "ఆ ఏడాది సోమవారం ఆరో తేదీన వచ్చింది అంకుల్. మేడం పేజీ కదా, కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితోనే చదివాను" అంది ఫోనులో.

మేడం, రేపు ఒకటో తేదీ. మీ విశ్రాంత జీవితపు తొలి రోజు మీద మా అందరి వేళ్లూ ఉన్నాయి. డబ్బా మా దగ్గరే ఉంటుంది. రోజులు లెక్కపెట్టే పని మీకిక ఎన్నటికీ పడకుండా, మాస్టారుగారి తోడులో, తరగని సందేహాలతో, సంపూర్ణ ఆరోగ్యంతో మీరు నిండు నూరేళ్లు వర్ధిల్లాలని కోరుకుంటున్నాము.